తాలీం సరే, తర్బియత్ ఏదీ?

రెండు మాటలు చాలాకాలంగా మన చెవుల్లో మోగుతున్నాయి. ఒకటి మన మొహల్లా జల్సాల్లో వినిపించేది. దీనీ తాలీం ఉన్న ఇంట్లో నేరం పుట్టదని, మన పిల్లలు చెడిపోవడానికి కారణం మక్తబ్ మానేయడమేనని. రెండోది మొహల్లా బయట వినిపించేది. మదర్సాలే నేరానికి పుట్టిళ్లని, అవి మూతపడితే ముస్లింలు బాగుపడతారని. ఈ రెండు మాటలు చెప్పేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కానీ ఒక విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ముస్లిం నేరం చేసినా, చేయకపోయినా దాని కారణం అతని మతంలోనే దొరుకుతుందని ఇద్దరూ నమ్ముతున్నారు.

మిగతావాళ్ల విషయంలో ఎవరూ ఇలా వెతకరు. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ అధిపతి తమ కంపెనీ లెక్కల్లో లేని వేల కోట్లను ఉన్నట్టు చూపించామని స్వయంగా ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. 2015లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు దోషులని తీర్పు చెప్పింది. ఆయన చిన్నప్పుడు ఏ గుడిలో ఏ శ్లోకం నేర్చుకున్నారని ఏ పత్రికా అడగలేదు. అడగకపోవడమే సబబు. నేరాన్ని నేరంగా చూశారు, మనిషిని మనిషిగా చూశారు. అదే చూపు యాకుత్‌పురా కుర్రాడు మోటారు సైకిల్ దొంగతనంలో దొరికినప్పుడు ఎందుకుండదన్నది మా మొదటి ప్రశ్న. మన మత విద్య నిజంగా నేరాన్ని ఆపగలదా, ఆపగలిగితే ఇన్నాళ్లూ ఎందుకు ఆపలేదన్నది రెండో ప్రశ్న. మొదటిది బయటివాళ్లకు, రెండోది మనకు. ఒకటి అడిగి ఇంకోటి దాచుకోవడం మాకు ఇష్టం లేదు.

*

బయటివాళ్ల మాటనే ముందు చూద్దాం. మదర్సా అన్న ఒక్క పదంలో వాళ్లు నాలుగు రకాల చదువుల్ని కలిపేస్తారు. మసీదు అరుగు మీద పొద్దున్నో సాయంత్రమో గంటసేపు నడిచేది మక్తబ్. అక్కడ పిల్లలు ఖాయిదా పట్టి అరబ్బీ అక్షరాలు నేర్చుకుంటారు, తర్వాత సిపారాలు, తర్వాత ఖురాన్ చూసి చదవడం. దీన్ని నాజిరా అంటాం. ఆ పిల్లలే పగలు మామూలు బడికి పోతారు. ఖురాన్ మొత్తం కంఠస్థం చేసేది హిఫ్జ్. ఏళ్ల తరబడి అక్కడే ఉండి వ్యాకరణం, తర్కం, ఫిఖా, హదీసు చదివేది ఆలిమ్ చదువు. దాని పాఠ్యక్రమానికి పద్దెనిమిదో శతాబ్దపు లక్నో పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరు మీద దర్సె నిజామీ అని పేరు. ఇవన్నీ ఒకటి కావు.

పూర్తికాలం మదర్సాల్లో చదివే పిల్లలు ఎంతమంది? సచార్ కమిటీ 2006లో ఈ లెక్క తీసింది. బడి వయసు ముస్లిం పిల్లల్లో వాళ్లు నాలుగు శాతానికి మించరని తేల్చింది. అంటే నూటికి తొంభై ఆరుగురు సర్కారు బడిలోనో, ప్రైవేటు బడిలోనో, మెకానిక్ షెడ్డులోనో, ఏ బడీ లేకుండా గల్లీలోనో ఉన్నారు. ముస్లింల నేరాలకు మదర్సాలు కారణమనేవాళ్లు ఈ తొంభై ఆరుగురి గురించి ఏం చెబుతారు? ఈ లెక్క వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. టీవీ చర్చల్లో దీన్ని ఎవరూ తలవరు.

జైళ్ల లెక్కలు తీసి మన ముందు పెట్టేవాళ్లూ ఉన్నారు. పెట్టనివ్వండి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో మన వాటా 14.2 శాతం. జాతీయ నేర నమోదు సంస్థ 2019 జైళ్ల నివేదికలో శిక్షపడిన ఖైదీల్లో ముస్లింలు 16.6 శాతం. విచారణ ఖైదీల్లో 18.7 శాతం. నేరం రుజువు కాకుండానే ముందు జాగ్రత్త చట్టాల కింద నిర్బంధించినవాళ్లలో 35.8 శాతం. ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. రుజువు అవసరమైన చోట మన వాటా జనాభాకు కాస్త ఎక్కువగా ఉంది. రుజువు ఇంకా కాని చోట మరికొంత పెరిగింది. రుజువే అక్కర్లేని చోట రెండింతలు దాటిపోయింది. ఈ అంకెలు మన నేరాల్ని ఎంత చెబుతున్నాయో, మన మీది అనుమానాన్నీ జామీను కట్టలేని మన పేదరికాన్నీ అంతకంటే ఎక్కువ చెబుతున్నాయి.

హైదరాబాద్‌వాళ్లకు ఈ విషయం అంకెలతో చెప్పనక్కర్లేదు. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది బాంబుకు, అయిదుగురు ఆ తర్వాత పోలీసు కాల్పులకు బలయ్యారు. చచ్చిపోయినవాళ్లు మనవాళ్లు. అనుమానం కూడా మనవాళ్ల మీదికే వచ్చింది. పదుల సంఖ్యలో యువకుల్ని పట్టుకుపోయారు, హింసించారు, కేసులు పెట్టారు. కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇస్తే, ఆ ఉత్తర్వు చెల్లదని 2013లో హైకోర్టు అన్నది. ఆ తర్వాత దర్యాప్తు వేరే దారి పట్టి హిందూత్వ సంస్థలతో సంబంధం ఉన్నవాళ్ల మీద అభియోగాలు మోపింది. 2018 ఏప్రిల్‌లో సాక్ష్యాలు చాలవని వాళ్లనూ వదిలేశారు. ఇవాళ్టికీ ఆ మసీదులో పోయిన ప్రాణాలకు దోషి లేడు. తొలిరోజుల్లో పట్టుబడ్డ కుర్రాళ్ల చదువులు, కొలువులు, పెళ్లి సంబంధాలు మాత్రం పోయాయి.

రెండు భాషల పత్రికల్లోనూ పనిచేసిన మాకు ఒకే వార్త రెండు రకాలుగా పుట్టడం అలవాటైన విషయమే. తెలుగు డెస్కు మీద 'పాతబస్తీ' అనేది ఊళ్లో ఒక భాగం పేరు మాత్రమే కాదు, నేరానికి ముందు పెట్టే విశేషణం కూడా. పాతబస్తీ రౌడీషీటర్ ఉంటాడు, పాతబస్తీ ముఠా ఉంటుంది. అమీర్‌పేటలో కత్తిపోటు జరిగితే అది అమీర్‌పేటలో జరుగుతుంది, ఆ ఊరు నేరస్థుడి ఇంటిపేరుగా మారదు. ఉర్దూ డెస్కు మీద దీనికి తలకిందులు. పట్టుబడ్డవాడు ఎవరైనా 'మాసూమ్ నౌజవాన్' అవుతాడు. అతని చేతిలో దెబ్బ తిన్న మనిషి, చాలాసార్లు అతనూ ముస్లిమే, వార్త అడుగున ఎక్కడో ఉంటాడు. ఒక భాష మనల్ని అందరినీ ముద్దాయిల్ని చేసింది, ఇంకో భాష మనలో ముద్దాయే లేడన్నది. నేరం గురించి నిజాయితీగా మాట్లాడుకునే భాష మనకు రెంట్లోనూ దొరకలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు ఈ అనుమానానికి తెలుగులో మొదటిసారి గట్టి పేరు దొరికింది. పుట్టుకతో వచ్చిన మచ్చను నేరంగా చూసే సమాజాన్ని ఆ కవిత నిలదీసింది. ఆ నిలదీత ఇంకా అవసరమే. అయితే నిలదీసే హక్కు నిలవాలంటే, మన ఇంట్లో నిజంగా జరిగే నేరాల్ని మనమే పేరుపెట్టి పిలవాలి. ఇక్కడినుంచి మా మాట మనవాళ్లతోనే.

*

నేరం గురించి దీన్ ఏం చెప్పింది? చెప్పకపోవడమేమిటి, చాలా చెప్పింది. తూకంలో మోసం చేసేవాళ్ల మీద ఖురాన్‌లో ఒక సూరానే ఉంది. అనాథను తోసేసి, పేదవాడికి అన్నం పెట్టమని చెప్పనివాడి నమాజు ఎందుకూ కొరగాదని చెప్పే సూరా మరొకటి ఉంది. అది చిన్న సూరా. నమాజులో చదువుకోవడానికి తేలికని పిల్లలందరికీ నోటికి నేర్పిస్తారు. దాని అర్థం మాత్రం ఎంతమంది పిల్లలకు తెలుసు?

ప్రవక్త కాలంలో ఒక పెద్దింటి స్త్రీ దొంగతనం చేస్తే వదిలేయమని సిఫారసులు వచ్చాయి. గొప్పవాళ్ల దొంగతనాన్ని వదిలి బలహీనుల్ని శిక్షించినందుకే వెనుకటి జాతులు నాశనమయ్యాయని, తన కూతురు చేసినా ఇదే తీర్పని ఆయన చెప్పినట్టు హదీసు. రెండో ఖలీఫా ఉమర్ కాలంలో, హిజ్రీ 18లో, అరేబియాలో ఘోరమైన కరువు వచ్చింది. ఆకలితో దొంగిలించినవాడి చేయి నరకడం న్యాయం కాదని ఆయన ఆ శిక్షను నిలిపేశారు. ఈ రెండు సంగతుల్ని కలిపి చూస్తే ఒక పూర్తి ఆలోచన కనబడుతుంది. బలవంతుడి నేరానికి మాఫీ లేదు. ఆకలివాడి నేరానికి ముందు అతని ఆకలికి కారణమైన పాలన జవాబు చెప్పాలి. షరీఅత్ అంటే చేతులు నరకడమేనని అనుకునే మన లౌకిక మిత్రులకూ, షరీఅత్ వస్తే దొంగతనాలు వాటంతటవే ఆగిపోతాయని చెప్పే మన వక్తలకూ ఈ కరువు సంగతి అంతగా గుర్తుండదు.

అన్నిటికంటే పెద్ద సంగతి హుకూకుల్లా, హుకూకుల్ ఇబాద్ అనే తేడా. అల్లాకు మనిషి బాకీపడ్డవి మొదటివి. సాటి మనిషికి బాకీపడ్డవి రెండోవి. నమాజు తప్పితే, రోజా తప్పితే తౌబా చేసుకోవచ్చు, అల్లా దయగలవాడు. సాటి మనిషి సొమ్ము తిన్నా, ఒళ్లు గాయపరచినా, పరువు తీసినా ఆ మనిషి క్షమించాలి, లేదా సొమ్ము తిరిగివ్వాలి. అల్లా కూడా ఆ మనిషి తరఫున మాఫీ ఇవ్వడని మన ఉలమా అందరూ ఒప్పుకున్న మాట. ఉర్దూలో గునా అనే మాట వేరు, జుర్మ్ అనే మాట వేరు. తెలుగులో పాపం వేరు, నేరం వేరు. జుర్మ్ ఎప్పుడూ గునా కూడా అవుతుందని, దానికి దువా ఒక్కటే చాలదని చెప్పే ఈ బోధ కంటే నేరాన్ని ఆపగల పాఠం ఏ సర్కారు సిలబస్‌లోనూ మాకు కనబడలేదు.

మరి ఆ పాఠం మన మక్తబ్‌లో ఎక్కడుంది? పిల్లవాడికి వుజూ నేర్పిస్తాం. నీళ్లు మోచేతులదాకా తడవకపోతే వుజూ కాదని పదిసార్లు చెబుతాం. ఆ నీళ్లు పక్కింటివాళ్ల నల్లా నుంచి దొంగగా పట్టుకొస్తే ఏమవుతుందో ఒక్కసారి చెప్పం. భోంచేసే ముందు దువా నేర్పిస్తాం. ఆ భోజనం ఏ సంపాదనదో అడగడం నేర్పం. ఫలానా రాత్రి ఫలానా వజీఫా చదివితే గునాలన్నీ కడుక్కుపోతాయని చెబుతాం, హుకూకుల్ ఇబాద్ ఆ లెక్కలో రాదన్న సంగతి మింగేస్తాం. దాంతో పిల్లవాడికి అర్థమయ్యేది ఒకటే, తప్పు చేసినా కడుక్కునే దారి ఉంటుందని. తాలీం అంటే నేర్పడం. తర్బియత్ అంటే పెంచడం, మనిషిని మలచడం. ఈ రెండూ జంటపదాలుగా మన నోట్లో ఎప్పుడూ కలిసే వస్తాయి, మన మక్తబ్‌లలో మాత్రం ఎప్పుడో విడిపోయాయి.

ఇందులో భాష సంగతి ఒకటుంది. దీన్ని ఎత్తితే మన పెద్దలకు కోపం వస్తుంది. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో లక్షలమంది ముస్లింల ఇంటి భాష తెలుగు. దూదేకులవాళ్లు, నూర్‌బాషాలు తెలుగులోనే పుట్టి తెలుగులోనే చస్తారు. వాళ్ల పిల్లలకు మౌల్వీసాబ్ అరబ్బీ నేర్పేది ఉర్దూలో. తెలియని భాషను తెలియని ఇంకో భాషలో నేర్పడమన్నమాట. ఖురాన్‌కు తెలుగు అనువాదం లేదా అంటే, ఉంది. చిలుకూరి నారాయణరావు 1925లోనే చేశారు. ఆయన ముస్లిం కాదు, తెలుగు పండితుడు. తర్వాత ముస్లింలే చేసిన అనువాదాలూ వచ్చాయి. వందేళ్లయినా మా ఊళ్ల మక్తబ్‌లోకి తెలుగు అడుగు పెట్టలేదు. తెలుగులో చదివితే సవాబు తగ్గుతుందన్నట్టు, తెలుగు మాట్లాడే ముస్లిం సగం ముస్లిమన్నట్టు చూసే అష్రాఫ్ పెత్తనం దీని వెనక ఉంది. అర్థం కాని మాట మనిషి నోటిని తిప్పగలదు. అతని చేతిని ఆపగలదా?

*

చదువు లేక నేరం జరిగిందని అనుకుంటాం. చదువున్న చోట జరిగిన నేరాల సంగతి చూద్దాం.

1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో పదేళ్లు దాటీ దాటని పిల్ల ఏడుస్తుంటే విమాన సిబ్బందిలో ఒకామె చూసింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు ఆ పిల్ల మొగుడని తేలింది. దేశమంతా గగ్గోలైంది. పాతబస్తీ పేదరికం మీద సంపాదకీయాలు వచ్చాయి. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017 సెప్టెంబర్‌లో, హైదరాబాద్ పోలీసులు అలాంటి పెళ్లిళ్ల ముఠానే మళ్లీ పట్టుకున్నారు. ఒమాన్, ఖతార్ దేశాల షేకులు, దళారులు, లాడ్జీల వాళ్లు అరెస్టయ్యారు. వాళ్లతోపాటు ఖాజీలూ ఉన్నారు.

పేదరికం ఆ పిల్లను అమ్మకానికి పెట్టిందని ఒప్పుకుంటాం. ఆ అమ్మకానికి నికా అని పేరు పెట్టింది పేదరికం కాదు. వయసు మార్చి రాసి, ఖుత్బా చదివి, నికానామా మీద సంతకం చేసినవాడు దీనీ తాలీం లేనివాడు కాడు. మన సమాజంలో ఆ తాలీం ఎవరికి ఉందనుకుంటామో వాళ్లలోనివాడు. పెళ్లికి ఆడపిల్ల ఒప్పుదల తప్పదని అతను చదువుకున్నాడు. కొన్నాళ్లకని గడువు పెట్టుకుని చేసే పెళ్లి సున్నీ ఫిఖాలో చెల్లదనీ చదువుకున్నాడు. ఆ చదువే అతని చేతికి ముద్ర ఇచ్చింది. ఆ ముద్ర లేకపోతే ఆ వ్యాపారం వ్యాపారంగా బయటపడిపోయేది. దీనీ తాలీం నేరాన్ని ఆపుతుందనేవాళ్లు ముందు ఈ ఖాజీల గురించి మాట్లాడాలి. నిజాయితీగా బతికే ఖాజీలు, మౌల్వీలు చాలామంది ఉన్నారని మాకు తెలుసు. వాళ్ల పరువు కాపాడటానికే ఈ మాట వాళ్లే ముందు అనాలి.

ఇంత ఘోరం అరుదని సర్దుకోవచ్చు. రోజూ జరిగేదాన్ని ఏమందాం? మెహర్ అనేది పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ము, ఆమె హక్కు. మన హైదరాబాదీ పెళ్లిళ్లలో మెహర్ కాగితం మీదే ఉంటుంది. జోడేకీ రఖమ్ మాత్రం నిఖా ముందే నోట్ల కట్టల్లో చేతులు మారుతుంది. ఫర్నిచరు, మోటారు సైకిలు, షాదీఖానా కిరాయి ఆడపిల్లవాళ్ల నెత్తినే. 1961 నుంచి కట్నం ఈ దేశంలో నేరం. షరీఅత్‌లో దానికి చోటే లేదు. చట్టమూ వద్దన్నది, దీనూ వద్దన్నది. అయినా ఆ పెళ్లిపందిట్లో ఖుత్బా చదవను పొమ్మని లేచి వెళ్లిన మౌల్వీసాబ్‌లు ఎంతమంది? లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. ఆ పందిట్లో కూర్చున్న పిల్లవాడు ఆరోజు నేర్చుకునే పాఠం మక్తబ్ పాఠం కంటే బలమైంది. నోటితో హరామ్ అన్నదాన్ని చేత్తో తీసుకోవచ్చని అతను కళ్లారా చూశాడు.

డబ్బు సంగతీ అంతే. వడ్డీ హరామని నమ్మే పేద ముస్లిం బ్యాంకుకు పోడు. అతని నమ్మకాన్నే ఎర చేసి 'హలాల్ లాభం' ఇస్తామని డిపాజిట్లు సేకరించిన సంస్థల మీద 2018లో హైదరాబాద్‌లో, 2019లో బెంగళూరులో కేసులు పడ్డాయి. ఆటో తోలేవాళ్లు, గల్ఫ్‌లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాళ్లు, కూతుళ్ల పెళ్లికి దాచుకున్న తల్లులు పోలీసు స్టేషన్ల ముందు వరస కట్టారు. కోర్టులు ఏం తేల్చినా, దీన్ తెలిసినవాళ్లు తమ డబ్బు తినరని ఆ జనం నమ్మారన్నది మాత్రం నిజం.

2015 మొదట్లో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు వందలమంది పిల్లల్ని బయటికి తీశారు. ఎక్కువమంది బీహారు పిల్లలు. గాలి ఆడని గదుల్లో, లక్క వేడి దగ్గర, పొద్దంతా గాజులకు చెమ్కీ అతికించే పని. ఆ గల్లీల్లో అయిదుపూటలా అజాన్ వినిపిస్తుంది. ఆ గోడలవతల ఏం జరుగుతోందో ఇరుగుపొరుగుకు తెలియదనుకోలేం. ఏ జుమా బయాన్‌లోనూ ఆ పిల్లల ప్రసక్తి ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేరం అంటే మన వక్తలకు సినిమా చూడటం, గడ్డం గీయించుకోవడం, ఆడపిల్ల సెల్‌ఫోన్ పట్టుకోవడం. పసిపిల్లవాడి చేత పన్నెండు గంటలు పనిచేయించడం ఆ జాబితాలో లేదు.

*

అయితే దీనీ విద్య వట్టిదని మేమంటున్నామా? లేదు. అది చేసిన మేలు వేరే చోట ఉంది. మన వక్తలకు అది కనబడదు.

మదర్సాకు పిల్లల్ని పంపేది ఎక్కువగా ఎవరు? తండ్రి పోయినవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, ఏడుగురు పిల్లల్లో ఇద్దరికైనా కడుపునిండా తిండి దొరుకుతుందనుకునేవాళ్లు. అక్కడ మూడు పూటలా భోజనం, పడుకోవడానికి చాప, రంజాన్‌కు ఒక జత బట్టలు ఉంటాయి. అందుకు ఫీజు లేదు. జకాత్, ఫిత్రా, బక్రీదు రోజు ఇంటింటికీ తిరిగి పోగుచేసిన ఖుర్బానీ తోళ్ల సొమ్ము ఆ వంటింటిని నడుపుతాయి. సర్కారు హాస్టలు లేనిచోట, ఉన్నా మనవాళ్లకు దొరకనిచోట వీధిలో పడాల్సిన పిల్లవాడిని మదర్సా పట్టుకుంది. ఆ పిల్లవాడు నేరంలోకి పోలేదంటే కితాబు ఎంత కారణమో పప్పన్నమూ అంతే కారణం. ఉమర్ కరువు తీర్పులో ఉన్నదీ ఇదే. అదే మదర్సాల్లో ఉస్తాద్ బెత్తం పిల్లల వీపుల మీద రాసిన రాతలూ ఉన్నాయి. ఆ రాతల్ని తర్బియత్ అని పిలవడం మానాలి. దెబ్బలతో పెరిగినవాడు తనకంటే చిన్నవాడి మీద చెయ్యెత్తడమే నేర్చుకుంటాడు.

దీన్ మనిషిని మార్చలేదా అంటే మార్చింది. అమెరికాలో మాల్కం ఎక్స్ కథ అందరికీ తెలిసిందే. దొంగతనాల కేసులో 1946లో జైలుకు పోయాడు. 1952లో బయటికి వచ్చేసరికి వేరే మనిషి. జైల్లో అతనికి అందిన ఇస్లాం మనం ఒప్పుకునే ఇస్లాం కూడా కాదు, 1964లో అతను ఆ దారి వదిలి హజ్‌కు పోయాడు. అయినా ఆ ఆరేళ్లలో అతన్ని మార్చినవి ఏమిటి? నువ్వు పనికిమాలినవాడివి కావని చెప్పిన ఒక నమ్మకం. నిఘంటువు మొదటి పేజీ నుంచి చేత్తో రాసుకుంటూ నేర్చుకున్న భాష. జైలు గ్రంథాలయంలో రాత్రుళ్లు చదివిన చరిత్ర. దీన్, దునియా అక్కడ వేరువేరు కాలేదు. గౌరవం, అర్థమయ్యే భాష, లోకజ్ఞానం మూడూ కలిసి వచ్చాయి. మన మక్తబ్ ఈ మూడింట్లో దేన్నిస్తోంది?

ఇది ఇవాళ పుట్టిన విమర్శ కాదు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో తన కాలపు చదువుల్ని ఇలాగే నిలదీశాడు. ఊళ్లో వైద్యం తెలిసిన ముస్లిం ఒక్కడు లేకపోయినా అందరూ ఫిఖా చదువుకే ఎగబడుతున్నారని, ఎందుకంటే ఆ చదువుతో ఖాజీ పదవులు, వక్ఫ్ పెత్తనాలు, అనాథల ఆస్తుల మీద అజమాయిషీ దొరుకుతాయని రాశాడు. బాగ్దాద్ నిజామియాలో పెద్ద ఉస్తాద్‌గా ఉండి 1095లో ఆ పదవిని వదిలి వెళ్లిపోయిన మనిషి ఆయన. గజాలీ పేరు చెప్పి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ పేజీలు చదివి వినిపించాలి.

*

లౌకిక మిత్రులకు ఒక మాట. మదర్సా మూసేయండని చెప్పడం తేలిక. మూసిన చోట ఏం తెరుస్తారు? పాతబస్తీ సర్కారు బళ్లలో ఉర్దూ మీడియం టీచర్ల ఖాళీలు నిండకపోతే పిల్లవాడు ఎక్కడికి పోవాలి? 2016లో తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలు మొదలుపెట్టింది, అవి రెండు వందలు దాటాయి. ముస్లిం తల్లులు ఆడపిల్లల్ని సైతం అక్కడికి పంపారు. తిండి, గౌరవం, చదువు ఒకేచోట దొరికితే మన జనం వద్దనలేదు. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ ఎంతోమంది దూదేకులేతర పేద ముస్లిం పిల్లల్ని ఇంజనీరింగు, వైద్య కళాశాలల గడప తొక్కించింది. నేరాల్ని తగ్గించే పని అంటే ఇవీ. వీటిని తగ్గించి, పోలీసు కార్డన్ సెర్చులు పెంచి, ఆ తర్వాత తప్పు మదర్సాది అనడం న్యాయం కాదు.

మనవాళ్లకు ఒక మాట. పిల్లలు బయటిలోకం చూసి చెడిపోతున్నారని ఏడవడం ఆపి, మన చేతిలో ఉన్న ఆ ఒక్క గంట మక్తబ్‌ను సరిచేసుకుందాం. పిల్లవాడు ఏ భాషలో కల కంటాడో ఆ భాషలో, తెలుగైతే తెలుగులో, అతను చదివే ప్రతి సూరా అర్థం చెబుదాం. వుజూతో సమానంగా హుకూకుల్ ఇబాద్ పాఠం పెడదాం. కూలి ఎగ్గొట్టడం, తూకం తగ్గించడం, భార్యను కొట్టడం, పసివాళ్లతో పనిచేయించడం గునాయే కాదు జుర్మ్ కూడానని, దానికి దేశ చట్టంలో ఫలానా శిక్ష ఉందని అదే నోటితో చెబుదాం. వయసు రుజువు చూడకుండా నికా చదివిన ఖాజీని సర్కారు తొలగించేదాకా ఆగకుండా మొహల్లాయే వెలివేయాలి. జోడేకీ రఖమ్ పుచ్చుకున్న పెళ్లిలో ఖుత్బా చదవబోమని ఉలమా ఒక్క ఊళ్లోనైనా ఒక్కమాట మీద నిలబడి చూపించాలి. మసీదు కమిటీల్లో, మక్తబ్ నిర్వహణలో ఆడవాళ్లకు చోటివ్వాలి. నేరాల బరువు ఎక్కువగా మోసేది వాళ్లే కదా.

ఇవేవీ కొత్త దీన్ కావు, పాత దీన్‌లో మనం వదిలేసిన సగం. మన పిల్లవాడిని పోలీసు అనుమానంతో ఆపినప్పుడు మేము అతని పక్కన నిలబడతాం, నిలబడుతూనే ఉంటాం. అదే పిల్లవాడు రేపు చెల్లెలి వాటా తిన్నా, పనివాడి కూలి ఎగ్గొట్టినా, కట్నం లెక్కపెట్టినా అతని ఎదుట నిలబడి అడగడం కూడా మా పనే. ఆ ప్రశ్న మసీదులో, మన నోటితో, మన భాషలో అడగగలిగిన రోజున దీనీ తాలీం నేరాన్ని ఆపుతుందన్న మాటకు మేమే సాక్ష్యం చెబుతాం.